నిద్ర గమ్మీలు, నింద మోసిన బియ్యం

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. లేనిదాన్ని పుట్టించను, ఉన్నదానికి కాస్త గాలి కొడతాను. మా బడిలోకి పిల్లి వస్తే పులి వచ్చిందని అనను. పిల్లే అంటాను. కాకపోతే దాని తల హెడ్మాస్టర్ గదిలో ఉండగానే తోక వంటగదిలో ఉందంటాను. ఈ గుణం వల్లనే జనగామలో ఎవరి పదవీ విరమణ సభ జరిగినా నాలుగు నవ్వు మాటలు చెప్పమని నన్ను పిలుస్తారు, శాలువా కప్పుతారు. ఇంట్లో ఇప్పటికి నాలుగువందల శాలువాలున్నాయి.

మా ఇంటావిడ సులోచన దీనికి ఇరవై ఏడేళ్ల కిందటే ఒక మందు కనిపెట్టింది. నేను ఏ అంకె చెప్పినా పదితో భాగిస్తుంది. సభకు వెయ్యి మంది వచ్చారంటే, "నూరు మందికి కుర్చీలు సాలినయా?" అని అడుగుతుంది. కాబట్టి శాలువాలు నలభై. ఆమెతో వాదం లేదు.

ఇప్పుడు రాస్తున్నది మాత్రం శాలువాల సంగతి కాదు, నా ఎడమ కాలి రెండో వేలి సంగతి. అది ఊడిపోబోయి ఆగింది. గండం గడిచింది కనుక కూర్చుని రాయగలుగుతున్నాను. షుగర్ ఉన్నవాళ్లు మన ఊళ్లలో ఇంటికొకరు ఉన్నారు, వాళ్లలో నిద్రపట్టనివాళ్లకు ఇది పనికొస్తుంది. చదువుతుంటే నవ్వొస్తే నవ్వండి. నాకు మాత్రం సిగ్గుగా ఉంది.

ఆషాఢం

నేను ఉండేది జనగామలో, తెలుగు చెప్పేది మహబూబాబాద్ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో. రోజూ రైల్లో పోయి వస్తాను. తెల్లారకముందే లేవాలి, కాబట్టి తొందరగా పడుకోవాలి. పడుకోవడం వరకు నా చేతిలో ఉంది, నిద్ర లేదు. కునుకు పడితే చాలు, మూత్రానికి మెలకువ వచ్చేది. రాత్రికి నలభైసార్లు లేచేవాణ్ని. సులోచన లెక్క ప్రకారం నాలుగు.

షుగర్ వచ్చి నాలుగేళ్లయింది. ఆ నాలుగేళ్లలో తీపి ముట్టలేదు. ఈ మాటలో గాలి లేదు. పెళ్లిళ్లలో జిలేబీ పళ్లెం నా ముందు నుంచి పోతుంటే చచ్చిపోయిన చుట్టాన్ని చూసినట్టు చూసి తల తిప్పుకునేవాణ్ని.

బడిలో సైన్సు చెప్పే రవీందర్ సార్ నా కళ్ల కింద నలుపు చూసి ఒక చిన్న సీసా తెచ్చిచ్చాడు. మూత తీస్తే ఎర్రగా, మెత్తగా, కోడిగుడ్డులో సగమంత జెల్లీ ముక్కలు. సరే, బొటనవేలి గోరంత.

"గమ్మీలంటరు సార్. నిద్ర మందే. రాత్రి పండే ముందు రెండు నములుండ్రి. పండ్ల రుచి ఉంటది, అలవాటు పడేది కాదు" అన్నాడు.

ఆ రాత్రి ఒకటి నోట్లో వేసుకున్నాను. నిద్ర వచ్చిందో లేదో గుర్తు లేదు. నాలుగేళ్ల తర్వాత నా నాలుక లేచి కూర్చుంది, అది గుర్తుంది.

సీసా వారంలో అయిపోయింది. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో మందుల దుకాణానికి పోయి అదే కావాలన్నాను. దుకాణం అతను మంచివాడు. చెప్పాల్సింది చెప్పాడు.

"ఇదే మందు గోలీల్లో ఉన్నది సార్, నాలిక కింద పెట్టుకునేది ఉన్నది, చుక్కలున్నయ్. మీకు షుగర్ ఉన్నదా? ఉంటే గమ్మీలొద్దు, గోలీ తీసుకోండ్రి."

"నాకేం షుగర్?" అన్నాను.

ఎందుకన్నానో అప్పుడే తెలుసు. గోలీకి రుచి ఉండదు.

అయినా మనసుకు ఒక సమాధానం కావాలి కదా. అది మా ఇంట్లోనే దొరికింది. సులోచన శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. పగలంతా ఏమీ తినదు, కానీ బీపీ గోలీ వేసుకుంటుంది. ఒక్కపొద్దు చెడదా అంటే, మా అత్తమ్మ కాలం నుంచి ఒకటే జవాబు: మందు తిండి కాదు. మందు నోట్లోంచి పోయినా లెక్కలోకి రాదు. దేవుడే లెక్కపెట్టనిదాన్ని డాక్టరమ్మ ఎందుకు లెక్కపెడుతుంది? గమ్మీ మందే, దుకాణంలో మందుల అరలోనే పెట్టారు. మందయితే తిండి కాదు. తిండి కాకపోతే తీపి కాదు. ఇంత గట్టి తర్కం నేను ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఏ పిల్లవాడికీ చెప్పలేదు.

శ్రావణం

రెండు నాలుగయ్యాయి. రాత్రి లేచినప్పుడల్లా ఒకటి, మళ్లీ పడుకోవడానికి. పొద్దున రైల్లో ఒకటి, కిటికీ పక్కన కునుకు తీయడానికి. బడిలో అందరూ చక్కెర చాయ్ తాగే వేళకు నాకు మాత్రం చప్పటి చాయ్ ఇస్తారు కాబట్టి ఆ బాధకు రెండు. తీపి ఎక్కువై మూత్రం ఎక్కువయ్యేది, మూత్రానికి మెలకువ వచ్చేది, మెలకువకు మందుగా ఇంకో గమ్మీ వేసేవాణ్ని. ఏ మందు వేసి ఏ రోగం పెంచుతున్నానో చెప్పేవాళ్లు లేరు. చెప్పడానికి ఎవరికీ తెలియదు. సీసాలు బడిలో నా అరలో, పాత పరీక్ష కాగితాల కింద ఉండేవి, ఒకటి మాత్రం నా చొక్కా జేబులో.

ఒక పొద్దున రైల్లో ఎంత నిద్రపోయానంటే మహబూబాబాద్ దాటి, ఖమ్మం దాటి, కృష్ణా నది దాటి సముద్రం దగ్గర లేచాను. సరే, డోర్నకల్‌లో లేచాను. గాభరాగా దిగుతుంటే కొత్త చెప్పు మెట్టుకు తట్టుకుని ఎడమ కాలి రెండో వేలు చిట్లింది. చిన్న గాటు. రుమాలు కట్టుకుని బడికి పోయాను.

ఆ గాటు మానలేదు. పది రోజులకు వేలు ఎర్రబడింది, ఇరవై రోజులకు వంకాయ రంగుకు వచ్చింది. సులోచన చూసి నన్ను జనగామలో మేము చూపించుకునే దవాఖానకు లాక్కుపోయింది. పరగడుపున నెత్తురు పరీక్షకు రమ్మన్నారు. పోయాం. నెత్తురు తీసే అమ్మాయి అడిగింది.

"ఏమన్న తిన్నరా సార్ పొద్దున?"

"ఏం తినలే" అన్నాను.

ఇంట్లోంచి బయలుదేరే ముందు మూడు గమ్మీలు నమిలాను. వాటి పుల్లటి తీపి ఇంకా పళ్ల సందుల్లో ఉంది. కానీ మందు తిండి కాదు కదా. పక్కన సులోచన కూడా సాక్ష్యం చెప్పింది: "మంచినీళ్లు గూడ తాగలేదమ్మా."

ఆ పరీక్షా ఎక్కువ వచ్చింది, మూడు నెలల సగటు చెప్పే పరీక్షా ఎక్కువ వచ్చింది. డాక్టరమ్మ కాగితం చూసి కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. మా ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"తీపేమన్న తింటున్నరా?"

"లేదు మేడం."

"నిద్రకు గానీ, ఇంక దేనికి గానీ వేరే మందులేమన్న?"

"లేదు మేడం."

"అన్నం ఎంత తింటరు?"

ఇక్కడ నేను నోరు తెరవకముందే సులోచన తల వంచుకుని చెప్పింది. "రెండు పూటలు పెడుత మేడం. మా వదినె ఇంటి బియ్యం, కాటారం కాడ్నుంచి వస్తయ్. మంచిగుంటయని కొద్దిగ ఎక్కువనే తింటడు. నేనే సూస్కోవాల్సింది."

"జర తగ్గియ్యమ్మా" అంది డాక్టరమ్మ.

వేలికి కట్టు కట్టారు, సూది మందు మొదలుపెట్టారు. బయటికి వస్తుంటే సులోచన, "తప్పు నాదే" అంది. ఇరవై ఏడేళ్లు నా ప్రతి మాటనూ పదితో భాగించిన మనిషి, ఆ ఒక్క "ఏం తినలే" అనే మాటను ఉన్నదున్నట్టు నమ్మింది.

భాద్రపదం

వేలు మానాలని కాళేశ్వరం పోదామంది. హనుమకొండ పోయి, భూపాలపల్లి బస్సెక్కి, కాటారంలో మా అక్క రాజవ్వ ఇంట్లో ఆగాం. రాజవ్వ నాకన్నా పదేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది నుంచి, వానాకాలం పంట ఇంటికి రాగానే రెండు బస్తాల బియ్యం మా ఇంటికి పంపిస్తుంది. బస్తా మీద బొగ్గుతో నా పేరు రాయించి మరీ పంపిస్తుంది.

అక్క వేడి వేడి అన్నం తెచ్చింది. సులోచన సంచిలోంచి గుడ్డలో చుట్టిన జొన్న రొట్టెలు తీసి నా పళ్లెంలో పెట్టింది.

"ఏంది పిల్లా గది?" అంది అక్క.

"అన్నం బంద్ వదినె. డాక్టరమ్మ చెప్పింది."

డాక్టరమ్మ తగ్గించమంది. భయంలో ఉన్న సులోచన దాన్ని బంద్ చేసింది. మా ఇంట్లో పెంచి చెప్పడం నా ఒక్కడి హక్కు కాదని అప్పుడే తెలిసింది.

"మా బియ్యం తోనా షుగర్ ఎక్కింది నా తమ్మునికి?"

"మీ బియ్యమని కాదు వదినె. ఏ బియ్యమైనా."

"పుట్టిన కాడ్నుంచి గవే తిన్నడు. అప్పుడు లేని రోగం ఇప్పుడొచ్చెనా? పెట్టెటోళ్లు సూసి పెట్టాలె గని."

"నేను సూడక పెట్టిననా?"

"నేనట్ల అన్ననా?"

"అన్నట్టే ఉన్నది వదినె."

"మరి నా బియ్యాన్ని అంటే నన్ను అన్నట్టు కాదా?"

ఇద్దరి మధ్య నేను కూర్చున్నాను. చొక్కా జేబులో సీసా ఉంది. నీళ్ల చెంబు కోసం వంగాను. గోలీల సీసా అయితే గలగలమని పట్టిచ్చేది. గమ్మీలు ఎండకు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దయ్యాయి కాబట్టి చప్పుడు చేయలేదు. గోలీల కంటే గమ్మీలకు ఉన్న ఒకే ఒక్క సుగుణం అదే.

అక్క నా వైపు తిరిగింది. "నువ్వే చెప్పు తమ్మీ. ఈ యేడు బస్తాలు పంపాల్నా, వద్దా?"

నేను చెప్పవలసింది ఒక్క ముక్క. అక్కా, బియ్యం తప్పు కాదు. నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ పొద్దటి గమ్మీ తీపి ఇంకా ఉంది.

"డాక్టరమ్మ ఏమంటదో సూద్దాం అక్కా" అన్నాను.

అక్క అన్నం గిన్నె మీద మూత పెట్టి లోపలికి తీసుకుపోయింది. మేము బస్సెక్కే వేళకు వాకిట్లోకి రాలేదు.

మహదేవపూర్ దాటి కాళేశ్వరం చేరాం. గోదావరిలో మునిగి ఇష్టమైనదొకటి వదిలిపెట్టి వస్తారు అక్కడ. నన్నడిగితే కాకరకాయ వదిలేస్తున్నానన్నాను. నాకు కాకరకాయ అంటే కిట్టదని తెలిసిన సులోచన నీళ్లలో నిలబడే నవ్వింది. తర్వాత కొంగు సర్దుకుని, "మీ వేలు మానేదాక నేను తీపి ముట్ట" అంది.

"నువ్వెందుకు వదులుడు? షుగర్ నాది గదా."

"మీరు వదిలి నాలుగేండ్లాయె. మీ ముందట్నే చక్కెర చాయ్ తాగిన నేను. మీ పాణం గుంజిందేమో, గా ఉసురే తాకినట్టున్నది."

నా తువ్వాలు కింద, మడత పెట్టిన చొక్కా జేబులో, సీసా గట్టు మీద ఉంది.

బతుకమ్మ రోజులు

పుండు తగ్గకపోగా వేలు నల్లబడింది. డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, సూటిగా చెప్పింది. "వారం చూస్త. షుగర్ దిగకపోతే పుండు మానదు. మానకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తది. వేలుతోని ఆగుతదని నేను మాటియ్య."

ఆ రోజు నుంచి సులోచన అన్నం గింజ ఇంట్లోకి రానీయలేదు. నాకు పెట్టనిది తనెట్లా తింటుందని తనూ మానేసింది. కాటారం బియ్యం ఇంకా అర బస్తా ఉంటే ఎదురింటివాళ్లకు ఇచ్చేసింది. ఆ సంగతి ఎవరి ద్వారానో అక్కకు చేరింది. ఫోన్లు ఆగిపోయాయి.

బతుకమ్మ చివరి రోజైన సద్దుల సాయంత్రం మా వీధి ఆడవాళ్లు బతుకమ్మ ఆడి, చివర్లో మలీద పంచుకున్నారు. రొట్టె, బెల్లం కలిపి దంచిన ఆ ముద్దంటే సులోచనకు ప్రాణం. నేను కట్టు కాలుతో అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. ఎదురింటావిడ ఆమె చేతిలో ముద్ద పెట్టింది. సులోచన దాన్ని కళ్లకద్దుకుని, పక్కనున్న ఆమె చేతిలో పెట్టేసింది. అరచేతికి అంటిన బెల్లాన్ని కొంగుకు తుడుచుకుంది.

నా బుగ్గలో అప్పుడు గమ్మీ ఉంది.

ఉమ్మేశానని రాస్తే బాగుంటుంది. మింగాను.

వారం గడిచింది. దవాఖానలో మా వంతు కోసం కూర్చున్నాం. ఆ బెంచీ మీద నేను కూర్చున్నంతసేపు మూడు ప్రభుత్వాలు మారాయి. గోడ గడియారం మాత్రం రెండు గంటలే గడిచాయంటోంది. సులోచన సూది మందు చీటీ పట్టుకుని మందుల కిటికీ దగ్గరికి పోయింది. నా కాలు కింద పెడితే సలుపుతోంది, పైకెత్తితే పెట్టడానికి చోటు లేదు. పక్కన గడ్డం నెరిసిన పెద్దమనిషి ఒకాయన తన సంచిని నా కాలి ముందుకు జరిపాడు.

"గీడ పెట్టు భాయ్. బట్టలే ఉన్నయ్, మెత్తగుంటది."

ఆయన పేరు ఖాసిం భాయ్, జనగామలోనే టైలర్. సంచిలో ఎవరివో కుట్టిన పైజామాలు. పరాయివాళ్ల కొత్త బట్టల మీద నా పుండు కాలు పెట్టలేక తటపటాయిస్తే, ఆయనే నా మడమ పట్టుకుని పెట్టాడు. అప్పుడు చూశాను ఆయన కాలు. రెండు వేళ్లు లేవు.

"మిషన్ తొక్కుడు కష్టమైతలేదా?" అని అడిగాను.

"అయితది. కరెంటు మిషన్ కొన్న." ఆయన నవ్వాడు. "నీకెట్లయింది?"

"రైలు మెట్టుకు తాకింది. అన్నం ఎక్కువైంది."

"నాకు చాయ్. దుకాన్ల కూసుంటె గిరాకీ వచ్చినప్పుడల్లా ఒక చాయ్. డాక్టర్ అడిగిండు, ఎన్ని తాగుతవని. దో కప్ అన్న. మా బేగం అడిగింది, దో కప్ అన్న. పదిహేను తాగేటోన్ని భాయ్. రెండు అని చెప్పిన, రెండు వేళ్లు పోయినయ్." నా కట్టు వైపు చూసి అన్నాడు, "డాక్టర్‌కు ఎట్ల తెలుస్తది, మన నోట్ల ఏమున్నదో?"

ఊరంతా పెంచి చెప్పే నేను నా జీవితంలో ఒకే ఒక్క అంకెను తగ్గించి చెప్పానని అప్పుడు అర్థమైంది. తగ్గించి కూడా కాదు, సున్నా చేశాను.

నా పేరు పిలిచారు. సులోచన ఇంకా కిటికీ దగ్గర వరుసలోనే ఉంది. ఒక్కణ్నే లోపలికి పోయి, జేబులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను.

డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసింది. "ఎన్ని?"

"పన్నెండు."

"నెలకా?"

"రోజుకు మేడం."

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే హాయిగా ఉండేది. సీసాను నా వైపు తిప్పి, వెనక చిన్న అక్షరాలు చూపించింది.

"తెలుగు సారు గదా, ఇంగ్లీషు వస్తదా? చదువుండ్రి. మొదట ఏమున్నది?"

"చక్కెర."

"తర్వాత?"

"గ్లూకోజ్ సిరప్."

"మందు ఎక్కడున్నది?"

వెతికాను. రంగు, పులుపు, వాసన అన్నీ అయిపోయాక చిట్టచివర ఉంది.

"ఎక్కువున్నది ముందు రాస్తరు సార్. మందు చేదుగుంటదని చక్కెరల ముంచి పెట్టిన్రు. రెండు తింటే చెంచాడు చక్కెర తిన్నట్టు. షుగర్ లేనోళ్లు రెండే తిని ఊకుంటే ఏం కాకపోవచ్చు. మీరు రోజుకు ఆరు చెంచాలు తింటున్నరు, అదీ మందని."

"గోలీ అయితే?"

"గోలీల చక్కెర ఉండదు, ఉన్నా లెక్కకు రాదు. చుక్కలు, సిరప్‌లు తియ్యగుంటయ్, చూసి తీసుకోవాలె. చక్కెర లేని గమ్మీలు గూడ ఉన్నయ్, మీ లెక్క పన్నెండు తింటే కడుపు ఆగదు. గోలీ అయితే మీరు పన్నెండు తిందురా?"

"తినను."

"గదే చెప్తున్న. అసలు మీకు నిద్ర మందే అవసరం లేదు. షుగర్ ఎక్కువై మూత్రానికి లేస్తున్నరు. అది దిగితే నిద్ర అదే వస్తది." సీసా మూత బిగించి చెత్తబుట్టలో వేసింది. "గమ్మీలతోనే ఇదంతా అయిందని నేననను. నడక లేదు, పుండు ఉన్నది, అన్నీ కలిసినయ్. గని మీరు చెప్పక, నేను పోయి అన్నాన్ని పట్టుకున్న. రెండు పూటలు కొద్దికొద్దిగ అన్నం తినొచ్చు మీరు. మీ మేడంకు చెప్పిన్రా ఈ సంగతి?"

"నేనే చెప్త మేడం."

బయట సులోచన మందులు తీసుకుని వచ్చింది. ఖాసిం భాయ్ లేచి ఆమెకు చోటిచ్చాడు. అక్కడే, ఆ బెంచీ మీద, నేను మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాను. సీసా, దుకాణం, పరగడుపు అబద్ధం, కాళేశ్వరం గట్టు, మలీద నాటి బుగ్గ, అన్నీ. ఆమె నా చేయి పట్టుకుని అంది:

"మందనుకొని తింటిరి, ఏం జేస్తరు? వేలు దక్కితే సాలు. ముందు వదినెకు ఫోన్ చెయ్యుండ్రి. బియ్యం తప్పు లేదని చెప్పుండ్రి."

ఖాసిం భాయ్ కళ్లు తుడుచుకున్నాడు.

కార్తీకం

గమ్మీలు మానేసిన మొదటి నాలుగు రోజులు నా నాలుక నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అయిదో రోజుకు మూత్రానికి లేవడం తగ్గింది. పది రోజులకు మధ్యలో ఒక్కసారే మెలకువ. తర్వాత ఒక పొద్దున సులోచన భుజం పట్టి ఊపితే గానీ లేవలేదు. రైలు పోయింది. అంత హాయిగా రైలు తప్పిపోవడం అదే మొదటిసారి.

వేలు నలుపు తగ్గి ఎర్రబడింది, ఎరుపు తగ్గి పొలుసు కట్టింది. కార్తీక పున్నమి దాటాక డాక్టరమ్మ కట్టు విప్పి, "ఇంక గాలి తగలనీయుండ్రి" అంది. వేలు కాస్త వంకరగా, గోరు లేకుండా ఉంది. ఉంది కదా. రోజూ పొద్దున కాలు ముందుకు చాపి, అయిదూ లెక్కపెట్టుకుంటున్నాను.

సులోచన ఆ సాయంత్రం చాయ్‌లో చక్కెర వేసుకుంది. ఒక గుక్క తాగి, "తియ్యగున్నది" అంది, కొత్తగా తెలిసినట్టు.

నాలాంటివాళ్లకు ఒక మాట. మీరు మింగే ఏ మందైనా, బలానికి గానీ, నిద్రకు గానీ, వెంట్రుకలకు గానీ, నోట్లో పెట్టుకోగానే సంతోషం కలిగితే సీసా వెనక్కి తిప్పి చదవండి. ఏం తిన్నావని డాక్టర్ అడిగితే, మందు కూడా తిండే అనుకుని చెప్పండి. దేవుడి లెక్క వేరు, నెత్తురు లెక్క వేరు.

ఇక్కడితో ఆపాలి. కానీ మొదట్లో పెంచి చెబుతానని ఒప్పుకున్నాను కాబట్టి, ఇందులో ఏది కల్పించానో కూడా ఒప్పుకోవాలి. నలభై శాలువాలు నిజమే. నది దాటడం, ప్రభుత్వాలు మారడం మీరే తీసేసుకుని ఉంటారు. పన్నెండు నిజం.

కల్పించింది ఆ బెంచీ.

ఆ రోజు సులోచన మందులు తీసుకుని వచ్చింది, ఖాసిం భాయ్ చోటిచ్చాడు, అంతవరకు జరిగిందే. "ఏమన్నది డాక్టరమ్మ?" అని అడిగింది. నేను, "అన్నం ఇంకింత దూరం పెట్టాలన్నది" అన్నాను. ఖాసిం భాయ్ కళ్లు తుడుచుకోలేదు. నా వైపు ఒకసారి చూసి, సంచి తీసుకుని లోపలికి పోయాడు. నేను రాసిన ఆమె మాటలు అంత మెత్తగా ఉన్నాయంటే, వాటిని రాసింది నేను కాబట్టి. ఆమె నిజంగా ఏమంటుందో నాకు తెలియదు.

వేలు మానింది జొన్న రొట్టెతోనేనని సులోచన వీధంతా చెబుతోంది. "బియ్యం బంద్ పెట్టినం, ఎట్ల దిగిందో సూడుండ్రి" అంటోంది. ఆ మాట కాటారం కూడా చేరే ఉంటుంది. కోతలు అయిపోయాయి. బొగ్గుతో నా పేరు రాసిన బస్తాలు ఈ ఏడు రాలేదు.

ఇప్పుడు వంటింట్లో ఆమె రొట్టెలు చేస్తోంది, పిండి చరిచే చప్పుడు వినిపిస్తోంది. ఈ కాగితాలు పత్రికకు పంపేముందు ఆమె చేతిలో పెడతాను. అక్కకు చదువు రాదు, ఆమెకు ఫోన్లో నేనే చదివి వినిపించాలి, కాటారంలో అన్నం గిన్నె మీద మూత పడిన చోట ఆగకుండా చదవాలి. మీరు ఇది చదువుతున్నారంటే ఆ రెండు పనులూ అయిపోయాయని అర్థం.

సులోచన మొదట అడిగేది నాకు తెలుసు. రోజుకు ఎన్ని తిన్నరు అంటుంది. పన్నెండు అంటాను. అలవాటు కొద్దీ పదితో భాగించి, ఒకటో రెండో తిన్నాడులే అనుకుంటుంది.

భాగించొద్దని చెప్పాలి.